పడవ రాని తొమ్మిది రోజులు

మా అమ్మకు ఒక్కడే అన్న. మా దీవిలో నాలుగు వందల ఇళ్లకు ముప్పై నాలుగేళ్ల పాటు కరెంటు ఇచ్చింది ఆయనే. పవర్ హౌస్‌లో ఇంజను డ్రైవరు. నాకు మేనమామ కాబట్టి మామయ్యా అని పిలిచేదాన్ని. నన్ను చూసి బడిపిల్లలు, వాళ్లను చూసి పడవల వాళ్లు, అలా ఊరంతటికీ ఆయన ఇంజను మామయ్య అయిపోయాడు. ఓసారి మా అత్త వాళ్ల నాన్న గుమ్మంలో నిలబడి, నోరు జారి, “ఇంజను మామయ్య ఇంట్లో ఉన్నాడా?” అని అడిగాడు. పిల్లనిచ్చిన మామగారే అల్లుణ్ణి మామయ్య అన్నాడని అత్త ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వింది.

పవర్ హౌస్ అనేది పేరుకే పెద్దది. రేకుల కప్పు వేసిన పొడుగాటి గది, అందులో రెండు డీజిల్ ఇంజన్లు, పెద్దదీ చిన్నదీ. గోడలు ఒకప్పుడు తెల్లగా ఉండేవని మామయ్య చెబితే నమ్మాలి తప్ప చూసినవాళ్లు లేరు. పన్నెండు రోజులకోసారి పెద్ద ఊరి నుంచి పడవలో డీజిల్ డ్రమ్ములు వచ్చేవి. రేవు నుంచి దొర్లించుకుంటూ తెచ్చి గోడవారన నిలబెట్టేవాళ్లు. మామయ్య ఒక్కో డ్రమ్మునూ వేలి కణుపుతో కొట్టి, అది పలికే తీరును బట్టి ఎంత నిండిందో చెప్పేవాడు.

అదంతా చెవులు బాగున్న రోజుల్లో. ఇంజన్ల మోత ఆయన చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. నలభై ఐదేళ్లకే ఎడమ చెవి పోయింది, కుడి చెవి సగమే మిగిలింది. వినపడనివాళ్లందరిలాగే గట్టిగా మాట్లాడేవాడు. ఇంట్లో మంచినీళ్లు అడిగితే వీధి చివరి వాళ్లు తలుపు తీసి చూసేవాళ్లు. అత్త మాత్రం ఏనాడూ గొంతు పెంచలేదు. ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడేది, ఆయన పెదాలు చూసి అర్థం చేసుకునేవాడు. దాంతో వాళ్లు పోట్లాడుకోవాలన్నా ఒకరి ముఖం ఒకరు చూసుకోక తప్పేది కాదు. చూసుకున్నాక ఆ పోట్లాట ఎంతోసేపు నిలిచేదీ కాదు.

అత్త బట్టలు కుట్టేది. బడిపిల్లల చొక్కాలన్నీ ఆమె చేతివే. కుట్టు మిషనుకు మోటారు పెట్టిస్తానని మామయ్య ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలేదు.

“నీ కరెంటును నమ్ముకుంటే పిల్లలంతా ఒంటిచేతి చొక్కాలతో బడికెళ్లాలి,” అనేది.

“నా కరెంటు ఎప్పుడు పోయిందే?” అని ఆయన గర్జించేవాడు.

“మొన్న పోలేదూ?”

“అది పోవడం కాదు. ఫిల్టరు మార్చా.”

వాళ్లకు పిల్లల్లేరు. నేను సగం రోజులు వాళ్లింట్లోనే పెరిగాను. పెద్ద ఊళ్లో ఎలక్ట్రికల్ కోర్సు చదివి వచ్చాక అదే పవర్ హౌస్‌లో మీటర్ రీడర్‌గా చేరాను. అప్పుడు కూడా నన్ను ఉద్యోగం పేరుతో పిలవలేదాయన. “కోడలుపిల్లా” అనే అరిచేవాడు, ఇంజను మోతను దాటుకుని.

నేను చేరిన ఏడాదే పెద్ద ఊరి నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. సన్నటి మనిషి, కళ్లజోడు, చెమటకు తడిసిన చొక్కా. బడి వరండాలో ఊరివాళ్లను కూర్చోబెట్టి, బడి వెనక ఖాళీ స్థలంలో సోలార్ ప్యానెళ్లు పెడతామని, ఎండతో వచ్చే కరెంటును బ్యాటరీల్లో దాచి రాత్రికి వాడుకోవచ్చని, డీజిల్ పడవ కోసం ఎదురుచూసే పని ఉండదని చెప్పాడు. చెప్పి, “ఇంజను సంగతి తెలిసిన పెద్దమనిషి ఏమంటారు?” అని మామయ్య వైపు చూశాడు.

మామయ్య లేచాడు. ఆయన్ను ఎవరైనా సభలో అభిప్రాయం అడగడం అదే మొదలు.

“మబ్బు పట్టిన రోజున ఏం చేస్తారు సార్? సూర్యుడికి కబురు పంపుతారా?” అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. “నా ఇంజనుకు ఎండా లేదు, వానా లేదు. నూనె పోస్తే నడుస్తుంది. ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. మాకు ఇది చాలు.”

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ సంగతి దాచను. కోర్సులో సోలార్ గురించి చదువుకుని వచ్చిన దాన్ని, లేచి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. మామయ్య ముఖంలో ఆ వెలుగు చూశాక నోరు రాలేదు. ఆఫీసరు తన పుస్తకంలో ఏదో రాసుకుని, అయితే ముందు పక్క దీవి సంగతి చూస్తామని చెప్పి పడవెక్కాడు.

ఆ సాయంత్రం అత్త ఆయన ఎదురుగా నిలబడి, “నిన్ను మెచ్చుకుని చప్పట్లు కొట్టారటగా,” అంది. చేతిలోని చొక్కా మీది మసి దులిపి, “ఆ పొగ లేకపోతే బాగుండేదని మాత్రం నాకు అనిపించింది,” అంది. వాళ్లిల్లు పవర్ హౌస్ పక్కనే. గాలి అటు వీచినప్పుడల్లా ఆరేసిన బట్టల మీద మసి పడేది. అత్తకు అప్పటికే దగ్గు ఉంది. మామయ్యకు ఆ మాట అర్థమైందో లేదో నాకు తెలీదు. ఆమె పెదాల వైపే చూస్తున్నాడు గానీ, మనసు ఇంకా బడి వరండాలోనే ఉంది.

రెండేళ్లు గడిచాయి. పక్క దీవిలో ప్యానెళ్లు వచ్చాయని విన్నాం. మాకు మాత్రం డ్రమ్ములే.

ఆ ఏడాది తుఫానుల కాలంలో అత్తకు జ్వరం వచ్చి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మా ఆసుపత్రి మూడు గదులది. డాక్టరు పదిహేను రోజులకోసారి పడవలో వచ్చేవాడు, మిగతా రోజుల్లో నర్సమ్మే అన్నీ. ఆవిడ అత్తను మంచం మీద పడుకోబెట్టి, గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ పెట్టింది. అది కరెంటు మీద నడిచేది. రెండు సిలిండర్లు ఉన్నాయి గానీ ఒక్కోటి కొన్ని గంటలకే వస్తుంది. “సముద్రం కాస్త నెమ్మదిస్తే పెద్దాసుపత్రికి పంపిద్దాం,” అంది.

సముద్రం నెమ్మదించలేదు. రావలసిన రోజున డీజిల్ పడవ రాలేదు.

మొదటి రోజే మామయ్య పెద్ద ఇంజను ఆపేశాడు. రెండో రోజు ఐస్ ఫ్యాక్టరీ లైను తీసేశాడు. నాలుగో రోజుకు ఐసు కరిగి, చేపలు పాడై, పడవల వాళ్లు పవర్ హౌస్ మీదికి వచ్చారు. ఐదో రోజున ఇళ్ల లైన్లన్నీ తీసి, చిన్న ఇంజనుతో ఒక్క ఆసుపత్రికే కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాడు.

“పెళ్లాం కోసం ఊరందరినీ చీకట్లో పెట్టావు మామయ్యా,” అన్నాడు, ఆ సాయంత్రం మళ్లీ వచ్చిన పడవల వాళ్లలో పెద్దవాడు.

“అవును,” అన్నాడు మామయ్య. అంతే అన్నాడు. సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఇంజను మీద చెయ్యి వేసి, వాళ్ల ముఖాలకేసి చూస్తూ నిలబడ్డాడు.

వాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే ఆ పెద్దవాడే రెండు చేతుల్లో రెండు డబ్బాలతో వచ్చాడు. తన పడవ ట్యాంకులో మిగిలిన డీజిల్. ఆయన వెనక ఇంకొకరు, ఆయన వెనక మరొకరు. గోడవారన డబ్బాలు పెట్టి, తలలు దించుకుని వెళ్లారు. ఏడో రోజు, ఎనిమిదో రోజు ఇంజను నడిచింది ఆ డీజిల్‌తోనే.

పడవ ట్యాంకుల అడుగున నీళ్లూ మడ్డీ ఉంటాయి. మామయ్యకు తెలీక కాదు. గుడ్డతో రెండుసార్లు వడకట్టాడు. కానీ నాలుగు రోజులుగా ఆయనకు కంటిమీద కునుకు లేదు.

తొమ్మిదో రోజు పొద్దున పదిన్నర ప్రాంతంలో ఇంజను దగ్గి, ఆగిపోయింది. నేను ఆసుపత్రిలో అత్త పక్కన ఉన్నాను. మిషన్ కీచుమని మోగింది, దాని మీది పచ్చ దీపం ఆరిపోయింది. ఇంజను ఆపి ఫిల్టరు మార్చినప్పుడల్లా వాడగా సిలిండర్లు రెండూ అప్పటికే ఖాళీ. నర్సమ్మ చేత్తో ఊపిరి అందించే రబ్బరు బుడ్డి తెచ్చి అత్త ముఖానికి పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. ఆవిడ చేతులు నొప్పి పుడితే నేను, నావి నొప్పి పుడితే ఆవిడ. అత్త కళ్లు తెరిచే ఉన్నాయి. నా వైపు చూసి పెదాలు కదిపింది. మామయ్య అయితే చదవగలిగేవాడు. నాకు చేతకాలేదు.

అక్కడ పవర్ హౌస్‌లో మామయ్య ఫిల్టరు విప్పాడు, నీళ్లు తీశాడు, మళ్లీ బిగించాడు. డీజిల్ పైపుల్లో గాలి పట్టింది. ఒక్కో నట్టూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు పోయేదాకా గాలి తీయాలి. కళ్లు మూసుకుని కూడా పది నిమిషాల్లో చేయగలిగిన పని. ఆ రోజు నలభై నిమిషాలు పట్టింది. నట్టు చేతిలోంచి జారి ఇంజను కిందికి దొర్లిందట, నేల మీద పడుకుని దాన్ని వెతికాడట. ఇవన్నీ తర్వాత ఎప్పుడో ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

పచ్చ దీపం మళ్లీ వెలిగేసరికి నర్సమ్మ బుడ్డి నొక్కడం ఆపేసి పావుగంటైంది.

మామయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. మోచేతుల దాకా డీజిల్. గుమ్మంలోనే నిలబడి, “వచ్చిందా? కరెంటు వచ్చిందా?” అని అరిచాడు. మిషన్ చప్పుడు చేస్తూ నడుస్తోంది. ఆయనకు అది వినపడదు. నర్సమ్మ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. “వచ్చింది మామయ్యా,” అన్నాను. ఆయన దగ్గరికి వచ్చి అత్త ముఖానికి ఎదురుగా వంగాడు, ఎప్పుడూ మాటలు వినడానికి వంగినట్టే.

ఆ సాయంత్రం నాలుగింటికి పడవ వచ్చింది. నిండా డ్రమ్ములతో.

నెల రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. డ్యూటీకి వెళ్లేవాడు, వచ్చేవాడు. తర్వాత ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఖాళీ డ్రమ్ములు తీసుకెళ్లే పడవెక్కి, పెద్ద ఊళ్లో సోలార్ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి గుమాస్తా పాత ఫైలు తిరగేసి, “మీ దీవి వాళ్లే వద్దన్నారని ఉందండీ ఇందులో,” అన్నాడట.

“వద్దన్నది నేనే. ఇప్పుడు కావాలని అడుగుతున్నదీ నేనే,” అన్నాడట మామయ్య. ఆ గొంతుకు హాలంతా లేచి నిలబడి ఉంటుంది.

పడవ వెళ్లిన ప్రతిసారీ వెళ్లాడు. పన్నెండు రోజులకోసారి, ఏడాదిన్నర పాటు. అక్కడివాళ్లు ముందు విసుక్కున్నారు, తర్వాత జాలిపడ్డారు, ఆఖరికి ఆయన కోసం తలుపు పక్కన ఒక కుర్చీ వేసి ఉంచేవాళ్లు. ఆయన వెళ్లడం వల్ల ప్యానెళ్లు వచ్చాయో, వాటికి రావలసిన వేళ వచ్చి వచ్చాయో చెప్పలేను. వచ్చాయి. బడి వెనక గుంతలు తవ్వుతుంటే మామయ్య డ్యూటీ దిగి వచ్చి పార పట్టేవాడు. బయటి నుంచి వచ్చిన మేస్త్రీ ఆయన్ను కూలీ అనుకుని, “తాతా, గుంత ఇంకో జానెడు లోతు తియ్యి,” అన్నాడు. మామయ్య మారు మాట్లాడకుండా తీశాడు. ఆ తాత పవర్ హౌస్ డ్రైవరని మూడో రోజు తెలిసి మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు.

బ్యాటరీ గది చూసుకునే ఉద్యోగం నాకిచ్చారు. ఇంజన్లు ఆపే రోజున అదే కళ్లజోడు ఆఫీసరు వచ్చి, ఆ పని మామయ్య చేతుల మీదుగానే జరగాలన్నాడు. మామయ్య పెద్ద ఇంజను మీద ఎడమ చెయ్యి ఆనించి, కుడి చేత్తో మీట కిందికి లాగాడు. మోత ఆగిపోయింది. అప్పటిదాకా మా ఊరి బడిలోకి సముద్రం హోరు వినపడుతుందని మాకెవరికీ తెలీదు. పిల్లలు కిటికీల దగ్గరికి పరుగెత్తారు. మామయ్యకు ఆ తేడా చెవికి తెలీలేదు, చేతికి తెలిసింది. ఇంజను ఒంట్లో వణుకు పూర్తిగా చల్లారేదాకా చెయ్యి తీయలేదు.

ఆ మధ్యాహ్నం ఆఫీసరుకు టీ ఇస్తూ, అత్త సంగతి చెప్పాను. ఆనాడు సభలో తానన్న మాట వల్లే సోలార్ కరెంటు ఏళ్ల తరబడి ఆలస్యమైందని, ఆ ఆలస్యమే అత్తను తీసుకుపోయిందని మామయ్య కుమిలిపోతున్నాడని చెప్పాను. ఆఫీసరు కప్పు కింద పెట్టేశాడు.

“ఆయన మాట వల్లా? అయ్యో, కాదమ్మా. ఆ ఏడాది మా దగ్గరున్న సామాను ఒక్క దీవికే సరిపోయేది. పక్క దీవి పేరు అప్పటికే ఖాయమైపోయింది. సభ పెట్టాలని రూలు, పెట్టాం. ఆ తర్వాత మూడేళ్ల దాకా కొత్త సామాను రాలేదు. మీరంతా కావాలని అన్నా ఇచ్చేవాళ్లం కాదు.”

నేను పరుగున వెళ్లాను. మామయ్య ఇంటి ముందు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కూర్చుని, అత్తలాగే మెల్లగా, మాట మాట విడదీసి చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. గుండె బరువు దిగుతుందనుకున్నాను. ఆయన ముఖం ఇంకా పాలిపోయింది.

“అంటే నా తప్పేం లేదంటావు.”

“లేదు మామయ్యా. ఆయనే చెప్పాడు.”

“నేను అవునన్నా పోయేది, కాదన్నా పోయేది.”

నేను తల ఊపాను.

“వద్దు కోడలుపిల్లా,” అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన నాతో మెల్లగా మాట్లాడాడు. “ఆ మాట నాకు వద్దు. ఇన్నాళ్లూ తప్పు నాది అనుకుంటే, కనీసం ఆమె పోవడానికో కారణం ఉంది, ఆ కారణం మా ఇంట్లోనే ఉంది. ఎవరి తప్పూ లేదంటే... ఎక్కడో గదిలో ఎవరో కాగితం మీద పక్క దీవి పేరు ముందు రాశారు, మీ అత్త పోయింది. అంతేనా? అంతేనా ఆమె?”

ఆ తర్వాత ఆ ప్రస్తావన నేను ఎత్తలేదు. మంచి చేద్దామని వెళ్లి, ఆయన పట్టుకుని నిలబడ్డ ఆ ఒక్క కర్రనూ లాగేశానని చాలా రోజులు బాధపడ్డాను.

మరుసటి ఏడాది మాకు ఉత్తరాన ఉన్న ఇంకో దీవిలో సోలార్ ఆఫీసు వాళ్లు సభ పెట్టారు. మమ్మల్నిద్దరినీ మాట్లాడమని పిలిచారు. పడవలో మామయ్య తను చెప్పబోయేది నాకు రెండుసార్లు చెప్పి చూపించాడు. అక్కడికి వెళ్లాక, అక్కడి ఇంజను డ్రైవరు ముందే లేచాడు. నలభై దాటని మనిషి, గోళ్ల సందుల్లో నలుపు. “మా ఇంజను మాకు చాలు. ఎండ మీద బతికే ఖర్మ మాకేం పట్టలేదు,” అన్నాడు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. నేను మామయ్య చెవి దగ్గర గట్టిగా చెప్పాను, అతనేమన్నాడో. చెప్పక్కర్లేకపోయింది. ఆ పెదాల మీద ఆ మాట ఆయన ఎప్పుడో చదివేశాడు.

మామయ్య లేచాడు. అనుకుని వచ్చినదేదీ చెప్పలేదు. “నాయనా, నీ ఇంట్లో ఎవరెవరున్నారు?” అని అడిగాడు.

“నా పెళ్లాం, ఇద్దరాడపిల్లలు. ఎందుకు పెద్దాయనా?”

మామయ్య నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు, ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నవాడిలా. కూర్చుండిపోయాడు. మిగతాది నేనే చెప్పాల్సి వచ్చింది, తొమ్మిది రోజుల సంగతి మొత్తం. ఆ రోజు అక్కడ ఏదీ తేలలేదు. పడవెక్కుతుంటే ఆ డ్రైవరు రేవు దాకా వచ్చి, మామయ్య చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఏడు నెలల తర్వాత ప్యానెళ్లు కావాలని వాళ్లే మా ఆఫీసుకు కబురు పంపారు.

ఇప్పుడు మామయ్యకు డెబ్బై దగ్గరపడుతోంది. కుడి చెవి కూడా పోయింది. పొద్దున్నే బడి వెనక్కి వెళ్లి ప్యానెళ్ల మీద ఉప్పుపొర కడుగుతాడు. చెయ్యమని ఎవరూ అడగలేదు. వద్దనడానికి నాకూ మనసు రాదు. ఎండ బాగున్న రోజుల్లో బానే ఉంటాడు. నాలుగు రోజులు వరసగా మబ్బు పడితే మాత్రం బ్యాటరీ గది గుమ్మంలో వచ్చి నిలబడతాడు. నేను మీటరు చూసి వేళ్లు చూపిస్తాను. ఏడు వేళ్లంటే బ్యాటరీల్లో ఇంకా నూటికి డెబ్బై వంతులుందని. ఏడైతే తల ఊపి వెళ్లిపోతాడు.

పోయిన వానల్లో ఓసారి నాలుగు వేళ్లు చూపించాల్సి వచ్చింది. సాయంత్రం వాళ్లింటికి వెళ్తే, మెయిన్ స్విచ్ కట్టేసి, తలుపు తెరుచుకుని, మసక చీకట్లో కూర్చుని ఉన్నాడు. నేను టార్చి నా ముఖం మీద వేసుకుని, అంత అవసరం లేదు, నాలుగంటే ఊరంతటికీ ఇంకో రెండు రోజులు హాయిగా వస్తుంది, నీ ఒక్క బల్బు వల్ల ఏమీ కాదు అని చెప్పాను.

“తెలుసులే,” అన్నాడు. లేచి మెయిన్ వేస్తాడేమోనని చూశాను. వేయలేదు. పక్కకు జరిగి నాకు కూర్చోడానికి చోటిచ్చాడు.